రంగు ఒంట్లోకి చేరాక ఏమవుతుంది?

సూరత్‌లోని లింబాయత్ వీధుల్లో నడిస్తే తెలుగు మాటలు వినిపిస్తాయి. తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన నేత కుటుంబాలు అక్కడ ఏళ్ల తరబడి పవర్‌లూమ్‌లను నమ్ముకుని బతుకుతున్నాయి. వాళ్లు నేసిన తెల్లబట్ట పాండేసర, సచిన్ ప్రాంతాల మిల్లుల్లో అద్దకం, ప్రింటింగ్ పూర్తిచేసుకుని రంగుల చీరగా మారుతుంది. మరి ఆ రంగులు తయారుచేసే మనిషి ఒంట్లోకి వాటి రసాయనాలు చేరితే?

ఈ ప్రశ్న పాతదే. 1895లో ఫ్రాంక్‌ఫర్ట్ సర్జన్ లుడ్విగ్ రేన్, ఫుక్సిన్ అనే రంగు తయారుచేసే 45 మంది కార్మికుల్లో ముగ్గురికి మూత్రాశయంలో కణితులు కనబడ్డాయని చెప్పాడు. గాలిలో పీల్చింది, చర్మానికి అంటింది మూత్రాశయానికి ఎందుకు చేటు చేయాలి? 1938లో అమెరికాలో విల్హెల్మ్ హ్యూపర్ బృందం రంగుల పరిశ్రమలో వాడే బీటా నాఫ్థిలమైన్‌ను కుక్కలకు ఇచ్చినప్పుడు వాటికీ మూత్రాశయ కణితులే వచ్చాయి.

గుట్టు కాలేయంలో ఉంది. ఆరోమాటిక్ ఎమైన్లు అనే ఈ రసాయనాలు నేరుగా క్యాన్సర్ తేవు. కాలేయంలోని ఒక ఎంజైము వాటికి ఆక్సిజన్‌ను తగిలిస్తే అవి డీఎన్ఏకు అతుక్కునే రూపంలోకి మారతాయి. మరో ఎంజైము ఎసిటైల్ అనే చిన్న ముక్కను తగిలిస్తే చాలావరకు నెమ్మదిస్తాయి. కుక్కల్లో ఈ రెండో ఎంజైము లేదు. మనుషుల్లో ఉన్నా, పుట్టుకతోనే కొందరిలో చురుగ్గా, కొందరిలో మందకొడిగా పనిచేస్తుంది. కాబట్టి మందకొడి రకం వాళ్లకే ముప్పు ఎక్కువని శాస్త్రవేత్తలు అనుకున్నారు.

బెంజిడిన్ విషయంలో ఆ లెక్క తప్పింది. దాన్ని తేల్చింది సూరత్‌కు ఉత్తరాన ఉన్న అహ్మదాబాద్‌లో జరిగిన అధ్యయనం. అక్కడి జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ, అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ శాస్త్రవేత్తలు కలిసి బెంజిడిన్‌తోనో, దానితో చేసిన రంగులతోనో పనిచేసే 33 మందిని, వాటి జోలికి పోని 15 మందిని పరీక్షించారు. మూత్రంలో రాలిపడిన మూత్రాశయ కణాల డీఎన్ఏను పరిశీలించారు. 1996లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఎంజైము చురుగ్గా ఉన్నవాళ్లకు అదనపు రక్షణేమీ దొరకలేదు. పైగా డీఎన్ఏకు అతుక్కున్న ముక్కల్లో ప్రధానమైనది ఎసిటైల్ తగిలించుకున్న బెంజిడినే! కారణం సులువు. బెంజిడిన్‌కు రెండు కొసల్లోనూ ఎమైన్లున్నాయి. ఎసిటైల్ ఒక తలుపు మూస్తుంది, రెండోది తెరిచే ఉంటుంది.

అదే కార్మికుల మీద 1997లో వచ్చిన మరో ఫలితం నాకు ఇంకా ఆసక్తిగా తోస్తుంది. మూత్రం పీహెచ్ 6 కంటే తక్కువగా, అంటే ఆమ్లంగా ఉన్నవాళ్ల కణాల్లో, 7 లేదా అంతకు మించి ఉన్నవాళ్లతో పోలిస్తే డీఎన్ఏకు అతుక్కున్న ముక్కలు 10 రెట్లు ఎక్కువ. బయటికి పంపేందుకు కాలేయం ఈ రసాయనానికి ఒక చక్కెర ఆమ్లాన్ని జతచేస్తుంది. ఆమ్ల మూత్రంలో ఆ జత విడిపోయి రసాయనం మళ్లీ స్వేచ్ఛగా తిరుగుతుంది. అలాగని వంటసోడా తాగమని కాదు. పరీక్షించింది కొద్దిమందినే, కొలిచింది డీఎన్ఏ గాయాన్నే తప్ప క్యాన్సర్‌ను కాదు.

తయారైన రంగు మాత్రం నిరపాయమా? బెంజిడిన్‌తో చేసిన అజో రంగు పొట్టలోకి చేరితే పేగుల్లోని బాక్టీరియా ఆ బంధాన్ని తెంచి బెంజిడిన్‌ను విడుదల చేస్తాయి. అందుకే ప్రమాదకర ఎమైన్లను విడుదల చేసే అజో రంగుల వాడకాన్ని మన ప్రభుత్వం 1997లో నిషేధించింది. సూరత్‌లో ఎక్కువగా నడిచేది పాలిస్టర్. దానికి వాడేవి డిస్పర్స్ రంగులు, బెంజిడిన్ రంగులు పత్తికి సంబంధించినవి. కాబట్టి అహ్మదాబాద్ ఫలితాలను సూరత్ మిల్లులకు ఉన్నదున్నట్టు అంటగట్టలేం.

అయితే ఈ క్యాన్సర్ బయటపడటానికి దశాబ్దాలు పట్టవచ్చు. నొప్పి లేకుండా మూత్రంలో రక్తం కనబడటమే తరచుగా తొలి గుర్తు. అప్పటికి మనిషి ఆ పని మానేసి ఊరికి తిరిగొచ్చి ఉండవచ్చు. అందుకే ఇరవై ఏళ్ల కిందట రంగుల ఫ్యాక్టరీలో చేసిన పని గురించి కూడా డాక్టరుకు చెప్పాలి. పొగతాగే అలవాటు ఉంటే అదీ చెప్పాలి. హ్యూపర్ కుక్కలకు ఇచ్చిన నాఫ్థిలమైన్ పొగాకు పొగలోనూ ఉంటుంది.