రేడియోలో పల్లెపాట

పాడువారిని గూర్చి విచారించువారు పెక్కుమంది కలరు. వినువారిని గూర్చి విచారించువా రరుదు. కాని వినువాడు మారినచో పాట నిలువజాలదు. ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి తీరగ్రామములలో నేడు పల్లెపాటకు కలిగిన దురవస్థకు గాయకుల కొరత యొక్కటియే కారణము కాదు. శ్రోతల యలవాటు మారుటయు నంతటి కారణమే. ఇట్టి సమయమున ఆకాశవాణిలో జానపదగేయ కార్యక్రమమును నడుపువారి బాధ్యత యెట్టిదో విచారించుట యావశ్యకమని మేము తలంచుచున్నాము.

ఈ సీమ పాటకు పుట్టినిల్లు. 1852లో ధవళేశ్వరపు ఆనకట్టయు, 1855లో బెజవాడ ఆనకట్టయు పూర్తియైన పిమ్మట కృష్ణాగోదావరుల నీరు ఏలూరు కాలువలలో ప్రవహించి ఏలూరుకడ కలిసికొన్నది. తాడేపల్లిగూడెము మీదుగా ధాన్యపు పడవలు నడచినంతకాలము గట్టువెంట త్రాడులాగు పడవవాండ్ర పదములు నడచినవి. ఊడ్పులలో ఒక స్త్రీ పాట నెత్తుకొనగా తక్కినవారందరు నందుకొనెడివారు. దంపుళ్లపాట రోకటిపోటునకు జతగూడినది. ఏతముపాట తోడిన బానలకు లెక్క చెప్పినది. ఏడేండ్ల కొకమారు వచ్చు ఏలూరు గంగానమ్మ జాతర, ఫాల్గుణమున జరుగు కొల్లేటికోట పెద్దింట్లమ్మ తీర్థము నీ ప్రజకు పెద్దపండుగలు. ఉప్పుటేరు త్రవ్వినపు డొక సేనాని కన్నకూతునే బలియిచ్చెనను పేరంటాలకనుమ కథ యీ జలములతోపాటు ప్రవహించుచు వచ్చినది. ఈ సీమలో పాట వినోదము మాత్రమే కాదు. అది పనికి తోడు, మ్రొక్కునకు భాష, జ్ఞాపకమునకు భాండాగారము.

1938 జూన్ 16వ తేదీన మద్రాసునందు అఖిలభారత రేడియో కేంద్రము వెలసినది. స్వాతంత్ర్యానంతరము 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్ర మారంభమైనది. అప్పటికే పల్లెపాటను పండితసభ కెక్కింప పూనుకొన్న మహనీయులు కొందరు కలరు. వింజమూరి సీతాదేవి, అనసూయాదేవి సోదరీమణులు దానిని రేడియోలోను సభలలోను పాడి, నాగరికులు సిగ్గుపడక వినునట్లు చేసిరి. నేదునూరి గంగాధరముగారు ఊరూర తిరిగి పాటలను సేకరించి మిన్నేరు, మున్నీరు మొదలగు సంపుటములుగా వెలయించిరి. నిడదవోలునందు 1920లో జన్మించిన బాలాంత్రపు రజనీకాంతరావుగారు 1941లో మద్రాసు కేంద్రమున చేరి, తరువాతికాలమున విజయవాడ కేంద్రమునకు సంచాలకులై, తెలుగుపాటకు రేడియోను నిజమైన నెలవు గావించిరి. పంచాయతీ కార్యాలయముకడ నమర్చిన రేడియోచుట్టు సాయంకాలము ఊరంతయు కూర్చుండిన కాలమది. వినుట యొకరి పని కాదు, ఊరి పని. విన్నపాటను గూర్చి రచ్చబండమీద వాదించుటయు వినుటలో భాగమే.

రేడియో చేసిన మేలును మరచుట కృతఘ్నత. కాని యది చేసిన మార్పును గుర్తింపకుండుట అవివేకము. రాత్రి తెల్లవార్లు సాగు కథకు పదునైదు నిమిషముల గడువు వచ్చినది. మడిలో వంగి పాడిన పాట స్టూడియోలో మైకుముందు నిలుచుండి పాడవలసివచ్చినది. 1940 మొదలు 1971 వరకు హార్మోనియమునకు ఆకాశవాణిలో ప్రవేశము లేకపోవుటచే, భజనగోష్ఠులును వీథినాటకములును వాడుకొను వాద్యమునే విడిచి రావలసివచ్చినది. స్వరపరీక్షలో నెగ్గిన శిక్షితకంఠము ముందునకు వచ్చి, పాటకు సొంతదారైన ముదుసలి వెనుకబడినది. ఆసామిని మేలమాడు చరణములు, కూలిగింజలు కొలుచువాని కొలమానము నెత్తిపొడుచు చరణములు మర్యాదపేరిట జారిపోయినవి. మిగిలినదానికి "జానపదము" అను నొక్క పేరు పెట్టి ప్రసారము చేసినప్పుడు, ఏ యూరిదో, ఎవరిదో, ఏ పనిలో పుట్టినదో వినువానికి తెలియు మార్గమే లేకపోయినది.

ఇంతలో శ్రోతయు మారెను. 1952లో కేస్కరుగారు ప్రసారమంత్రియై చలనచిత్రగీతములను కట్టడిచేయగా, ప్రజలు వాదింపలేదు. రేడియో ముల్లును సింహళమువైపు త్రిప్పిరి. తుదకు 1957 అక్టోబరు 3న వివిధభారతిని స్థాపించి ప్రభుత్వమే దిగిరావలసివచ్చెను. శాసనముచే చెవిని వంచజాలమను పాఠ మానాడే తేలినది. తరువాత ట్రాన్సిస్టరు వచ్చి రేడియోను రచ్చబండనుండి పొలముగట్టునకు తీసికొనిపోయెను. టెలివిజన్ వచ్చి సాయంకాలములను తన వశము గావించుకొనెను. సెల్ ఫోను వచ్చి ఒక్కయింటిలోని నలుగురకు నాలుగు వేర్వేరు పాటలను చెవులలో పోయుచున్నది. ఇపుడు వినుట ఊరి పనియు గాదు, ఇంటి పనియు గాదు. అర నిమిషములో మనసు పట్టనిచో వ్రేలితో త్రోసి మరియొకదానికి పోవుటయే శ్రోతకు నేటి యలవాటు.

పాట పుట్టిన పనులే మాయమగుచున్నవి. దంపుళ్లను బియ్యపుమరలు మ్రింగినవి; కోతలను యంత్రములు కోయుచున్నవి; కాలువలో పడవ లేదు. కొల్లేటి చుట్టుపట్ల వరిచేలు పెక్కు చేపలచెరువులైనవి. 1999లో సరస్సును వన్యప్రాణుల యభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో రామ్‌సర్ యొడంబడికక్రింద అంతర్జాతీయ గుర్తింపు లభించినది. 2006 ప్రాంతమున గట్లు త్రెంచి చెరువులను తొలగించిరి. నీటిని గూర్చియు, పక్షులను గూర్చియు వాదించినవారే గాని, ఆ నీటిమీద తాటిదోనె నడిపినవాని పాట యేమైనదని యడిగినవా రరుదు. చేపలచెరువున ఊడ్పు లేదు. ఊడ్పు లేనిచోట ఊడ్పుపాట యుండదు. ఇది యెవరి నేరమనుట కాదు. జీవనము మారుటకు రైతును నిందించుట న్యాయము కాదు. కాని పని పోయినను పాటను జ్ఞాపకముంచుకొన్న వృద్ధస్త్రీలు కొల్లేటి లంకలలోను, తాడేపల్లిగూడెము మెరకగ్రామములలోను నింకను కలరు. వారి తరము గడచినచో మరల తెచ్చుకొను నుపాయము లేదు.

కావున జానపదగేయ కార్యక్రమమును నడుపువాడు రికార్డుల నొకదాని వెనుక నొకటి పెట్టి సమయము చెప్పువాడుగా నుండరాదు. అతడు ఊరికి పోవలెను. ఐర్లండు రేడియోలో 1954లో చేరిన కీరాన్ మక్‌మహూనా సంచార శబ్దగ్రహణయంత్రముతో పల్లెలకుపోయి, వంటయింటి పొయ్యిచెంత రైతులు వాయించిన సంగీతమును గ్రహించి దేశమునకు వినిపించెను. చిరకాలము పరాధీనమై తన భాషను, పాటను చిన్నచూపు చూచుకొన్న యా దేశము వానిని మరల తనవిగా గుర్తించుటకు ఆయన కార్యక్రమములు తోడ్పడినవి. ఆ పనికి పెద్ద ధనము కాదు, నడచు కాళ్లును, ఓపికగల చెవులును గావలెను.

మేము కోరునవి మూడు. మొదటిది, పాడినవారి పేరు, ఊరు, చేసిన పని పాటకుముందు చెప్పవలెను. పేరు విన్న ఊరు చెవియొగ్గును; ఏలూరి యువకుడు తన యమ్మమ్మ గ్రామముపేరు విన్నప్పుడు వ్రేలు కదపక ఆగును. రెండవది, పాటను పనిచప్పుడుతోను, నవ్వుతోను, ఎత్తిపొడుపుతోను ఉన్నదున్నట్లు వినిపింపవలెను. ఆకాశవాణి ప్రసారములు సెల్ ఫోనులోను వినవచ్చుచున్న యీ దినములలో గడియారపు గడువును సాకుగా చెప్ప నవసరము లేదు. ప్రసారమున కొంత వినిపించి, పూర్తిపాటను కోరినవారు వినుటకు వేరుగా నుంచవచ్చును. మూడవది, తీసికొన్నపాటను తీసికొన్నయూరికి తిరిగి యీయవలెను. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా డెల్టా కాలువలపై పడవలో గ్రంథాలయమును నడిపి పుస్తకములను పాఠకుల గుమ్మమునకు చేర్చిరి. నాడు పుస్తకమునకు జరిగిన సేవ నేడు పాటకు జరుగవలదా? ప్రతి గ్రామ గ్రంథాలయమునను ఆ గ్రామపు పాటలు వినుటకు వీలుండవలెను.

ఇందు భూస్వాములకును పట్టణవాసులకును పాలు లేకపోలేదు. ఆ పాటలు పుట్టినది తమ పొలములలో. పాడినది తమ గాదెలు నింపిన చేతులు. గాదె నిండిన పిమ్మట గొంతును మరచుట ధర్మము కాదు. ఊరిలో పాట తెలిసిన ముదుసలి యెవరో రైతునకు తెలిసినట్లు ఆకాశవాణి యుద్యోగికి తెలియదు. ఆమెను జూపుట, ఆమె పాడిన పూట కూలి నష్టపోకుండ చూచుట, తన్ను వెక్కిరించు చరణము వచ్చినను నవ్వుచు వినుట - ఇవి చేయగలిగినవారు వారే. ఏలూరులో గరిమెళ్ళ సత్యనారాయణగారి పాటలు పాడుటకు మైకు లేదు, రేడియో లేదు. నోటినుండి నోటికి పాకి అవి ప్రభుత్వమునే కలతపెట్టినవి. పాటకు బలము యంత్రమునుండి రాదు. వినుటకు సిద్ధమైన జనమునుండి వచ్చును. ఆ జనమును మరల కూర్చుట నిర్వాహకుని పని; కూర్చుండి వినుట మన పని.