అటక మీది తాటాకుల్లో వేమన!

మడకశిర బడిలోనైనా మచిలీపట్నం బడిలోనైనా వేమన పద్యం రాని పిల్లలు అరుదు. మరి వేమన చేతిరాత ఎలా ఉండేది? ఎవరికీ తెలియదు. మనకు మిగిలినవన్నీ తర్వాతివాళ్లు తాటాకుల మీద, కాగితాల మీద రాసుకున్న ప్రతులే.

వాటిని వెతికి పోగుచేసినవారు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా 1820లో కడపకు వచ్చిన బ్రౌన్, సొంత డబ్బుతో పండితులను, లేఖకులను పెట్టుకుని పాత ప్రతులకు నకళ్లు రాయించారు. చిక్కల్లా ఏమిటంటే... ఒకే పద్యం ఒక్కో ప్రతిలో ఒక్కోలా ఉండేది. రాసేవాడు పొరబడి ఉండొచ్చు, తన పద్యం ఒకటి కలిపేసి ఉండొచ్చు. అందుకే ప్రతులన్నీ పక్కపక్కన పెట్టి పోల్చి చూశారు. 1829లో 693 పద్యాలను ఇంగ్లిషు అనువాదంతో అచ్చు వేయించారు. 1839 నాటి ముద్రణలో అవి 1,164 అయ్యాయి. ఆయన సేకరించిన ప్రతులెన్నో ఇప్పుడు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి.

వేమన సమాధి ఉందని జనం కొలిచే కటారుపల్లి, మడకశిర... రెండూ నేడు శ్రీసత్యసాయి జిల్లాలోవే. ఈ ప్రాంతంలో ఏ పాతింటి అటక మీదో తాటాకుల కట్ట కనిపిస్తే పారేయకండి. తడిగుడ్డతో తుడవొద్దు, ఆకుల వరస మార్చొద్దు. తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాచ్య పరిశోధన సంస్థ వంటి చోట చూపించండి. రాసిందెవరో తెలియకపోయినా, ఇంతవరకూ అచ్చు కాని పద్యం అందులో ఉండొచ్చు!