దక్కనీ ఉన్నితో చేతి అల్లిక మేజోళ్లు: నూలు, పరికరాలు, అల్లిక క్రమం

తెలంగాణలో కురుమలు తరతరాలుగా దక్కనీ గొర్రెల ఉన్నితో గొంగడి నేస్తున్నారు. గొంగడి వాడకం తగ్గడం, మాంసం కోసం నెల్లూరు జాతి గొర్రెల పెంపకం విస్తరించడం వల్ల ఈ ఉన్నికి గిరాకీ పడిపోయింది. గొర్రె ఆరోగ్యం దృష్ట్యా ఉన్ని కత్తిరించక తప్పదు. కత్తిరింపు కూలి చెల్లించి, ఆ ఉన్నిని పారవేసే కాపరులూ ఉన్నారు. ఈ పరిస్థితిలో స్వల్ప పెట్టుబడితో, మగ్గం అవసరం లేకుండా చేయగల మేజోళ్ల అల్లిక పరిశీలింపదగినది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో బీడీలు చుట్టే మహిళలకు ఒకే కొలతలో వేగంగా పనిచేసే నేర్పు ఉంది. సిరిసిల్ల నేత కుటుంబాలకు పోగు, పురి, చిలపల పరిజ్ఞానం ఉంది. అయితే శిక్షణను సూదులతో గాక నూలుతో ప్రారంభించాలని సూచించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గొంగడి నూలు అల్లికకు ఎందుకు పనికిరాదు?

గొంగడి నూలు ఒకే పేటగా, గట్టి పురితో వడుకుతారు. మగ్గంపై రాపిడికి తట్టుకొనేందుకు పడుగుకు చింతగింజల గంజి పట్టిస్తారు. అల్లికకు ఇందుకు భిన్నమైన గుణాలు అవసరం. ఒంటి పేట నూలులో పురి ఒకే దిశలో ఉండడం వల్ల అల్లిన గుడ్డ ఒక పక్కకు ఒరుగుతుంది. కావున ఉన్నిని శుభ్రపరచి, ఏకి, కదురుపై గాని రాట్నంపై గాని మితమైన పురితో వడకాలి. తరువాత రెండు పేటలను కలిపి వ్యతిరేక దిశలో పురి పెట్టాలి. ఈ నూలును మూరెడు తీసుకొని రెండు కొసలు దగ్గరగా పట్టి వేలాడదీసినప్పుడు అది తనంతట తాను మెలిపడకపోతే పురి సమతూకంగా ఉన్నట్లు గ్రహించవచ్చు.

సిరిసిల్ల మరమగ్గాలపై విరివిగా వాడే పాలిస్టర్ పోగు తేమను పీల్చదు, ఉన్నివలె సాగి తిరిగి కుదించుకోదు. అందుచేత మేజోడు మొత్తానికి అది తగదు.

మరో పరిమితి గరుకుదనం. సుమారు 30 మైక్రాన్లకు మించిన పోచలు చర్మాన్ని గుచ్చుతాయి. దక్కనీ ఉన్నిలో ఇటువంటి ముతక పోచలు అధికం. కనుక ఈ మేజోళ్లను పలుచని నూలు మేజోళ్లపై ధరించే పైతొడుగులుగా రూపొందించడం శ్రేయస్కరం. యాసంగిలో తెల్లవారుజామున నీరు పెట్టే రైతులకు, రాత్రి మందకాపలా ఉండే కాపరులకు ఇవి ఉపకరిస్తాయి. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పీల్చుకొన్నా తడిగా అనిపించదు.

పరికరాలు

రెండు కొసలూ మొనదేరిన 5 సూదుల జత ముఖ్య పరికరం. నాలుగు సూదులపై కుట్లు నిలుస్తాయి, ఐదవదానితో అల్లుతారు. ముతక నూలుకు 3 నుండి 3.5 మిల్లీమీటర్ల మందం సరిపోతుంది. వీటితోపాటు కొలత టేపు, చుట్టు ప్రారంభాన్ని గుర్తించే రంగు దారం, మొద్దు మొన గల పెద్ద కన్ను సూది, కత్తెర ఉండాలి.

అల్లిక క్రమం

ముందుగా 10 సెంటీమీటర్ల చదరపు నమూనా అల్లి, ఉతికి, ఆరిన తరువాత సెంటీమీటరుకు ఎన్ని కుట్లు పడినవో లెక్కించాలి. ఉతకని నమూనా లెక్క తప్పుదారి పట్టిస్తుంది. పాదం చుట్టుకొలతలో 10 శాతం తగ్గించి, దానిని ఈ సంఖ్యతో గుణించి, నాలుగుతో భాగింపబడే సమీప సంఖ్యను తీసుకోవాలి. పాదం చుట్టుకొలత 24 సెంటీమీటర్లు, సెంటీమీటరుకు 2 కుట్లు అయినచో 43.2 వస్తుంది; 44 కుట్లు వేయాలి.

1. అంచు: 44 కుట్లను నాలుగు సూదులపై పంచి, రెండు నిట్, రెండు పర్ల్ చొప్పున సాగే పట్టీ అల్లాలి. తరువాత కాలి భాగాన్ని నిట్ కుట్టుతో కావలసిన పొడవు వరకు అల్లాలి.

2. మడమ పట్టీ: సగం కుట్లు, అనగా 22పై మాత్రమే ముందుకు వెనుకకు 22 వరుసలు అల్లాలి. ప్రతి వరుస మొదటి కుట్టును అల్లకుండా జార్చితే అంచున 11 ఉంగరాలు ఏర్పడతాయి. రాపిడి అధికంగా ఉండే ఈ భాగంలో సన్నని నైలాన్ దారాన్ని కలిపి అల్లవచ్చు.

3. మడమ మలుపు: పట్టీ మధ్య నుండి ప్రారంభించి, ప్రతి వరుస చివర రెండు కుట్లను ఒకటిగా కలుపుతూ, పొట్టి వరుసలతో 22 కుట్లను 14కు తగ్గించాలి. మేజోడుకు గిన్నె ఆకృతి ఇక్కడే వస్తుంది.

4. పక్క భాగం: ఇరువైపులా 11 చొప్పున కుట్లు ఎత్తితే, పైభాగపు 22తో కలిపి మొత్తం 58 అవుతాయి. చుట్టు విడిచి చుట్టు రెండేసి కుట్లు తగ్గిస్తూ ఏడు పర్యాయాలలో తిరిగి 44కు చేరాలి.

5. వేళ్ల భాగం: పాదం పొడవుకు సుమారు 5 సెంటీమీటర్లు తక్కువగా ఉన్నప్పుడు, చుట్టు విడిచి చుట్టు నాలుగేసి తగ్గిస్తూ 20 కుట్లకు చేర్చాలి. మిగిలిన పదేసి కుట్లను మొద్దు సూదితో ఎదురెదురుగా అతకాలి. గట్టి ముడి వేస్తే వేళ్లకు ఒరుసుకొంటుంది.

ఉతికేటప్పుడు వేడి నీరు, గట్టిగా రుద్దడం పనికిరావు. ఈ రెండింటివల్ల పోచలు ఒకదానికొకటి పెనవేసుకొని మేజోడు కుంచించుకుపోతుంది. గోరువెచ్చని నీటిలో ఉతికి, పిండకుండా బట్టలో ఒత్తి, నీడలో పరచి ఆరబెట్టాలి.

విస్తరణలో గమనించవలసినవి

ఒక జత అల్లడానికి అనుభవజ్ఞులకు కూడా అనేక గంటలు పడుతుంది. కావున యంత్రపు మేజోళ్ల ధరతో పోటీపడగలమని శిక్షణార్థులకు ఆశ కల్పించరాదు. వడుకు, అల్లిక గంటలను వేర్వేరుగా నమోదు చేయించి, గంటకు దక్కే ఆదాయాన్ని బీడీ కూలితో పోల్చి చూపాలి. ఆదాయం అంతకంటే తక్కువైతే ఈ పనిని జీవనోపాధిగా గాక గృహావసరంగానే సిఫారసు చేయాలి.

కోరుట్ల పశువైద్య కళాశాల విద్యార్థులు మందలవారీగా ఉన్ని మందం, పొడవులను కొలవవచ్చు. జగిత్యాల, సిరిసిల్ల వ్యవసాయ కళాశాలల విద్యార్థులు గ్రామీణ అనుభవ శిక్షణలో భాగంగా కొన్ని జతలను రైతులకు ఇచ్చి, ఒక చలికాలం వాడిన తరువాత మడమ అరుగుదలను, గరుకుపై వారి అభిప్రాయాన్ని నమోదు చేయవచ్చు. ఈ వివరాలు చేతికందిన పిదప శిక్షణను విస్తరించడమా, విరమించడమా అన్నది నిర్ణయించడం సముచితం.