మెరుగు పెట్టటంలో పొదుపు

గద్వాలలో ఉదయం బయలుదేరి, ఎర్రవల్లి చౌరస్తా చేరి, బీచుపల్లి వంతెనమీద కృష్ణను దాటి, పెబ్బేరు మీదుగా వనపర్తికీ, అక్కడినుంచి నాగర్‌కర్నూలుకూ పోయి, సాయంకాలానికి ఇల్లు చేరే కారును ఒకసారి తలచుకొనండి. కొన్ననాడు దాని రంగు ఏదైనా, ఇంటిముందు ఆగేసరికి అది చల్క నేల రంగుకు తిరుగుతుంది. మరునాటి ఉదయం యజమాని పాతగుడ్డ ఒకటి తీసికొని, నీరు తగలకుండానే, ఎంతో శ్రద్ధగా దానిని తుడుస్తాడు. ఆ శ్రద్ధే ఆ కారుకు తగిలే మొదటి దెబ్బ.

ఈ ప్రాంతంలో విస్తారంగా ఉన్న ఎర్రచల్క నేల గ్రానైటు రాయి శిథిలమై ఏర్పడినది. అందులోని పలుగురాతి రేణువుల కాఠిన్యం పదింటి మోస్ కొలతలో 7. మామూలు ఇనుప మేకుకు కూడ అంత కాఠిన్యం లేదు. ఇక కారు రంగు మాట చెప్పనక్కరలేదు. పొడిగుడ్డ కింద చిక్కిన ప్రతి రేణువూ సన్నని ఉలివలె పనిచేస్తుంది. ఏడాది తిరిగేసరికి, ఎండపొడ పడిన చోట, బానెట్టుమీద సాలెగూడు అల్లినట్లు గీతలు కనిపిస్తాయి. అప్పుడు యజమానికి పాలిష్ గుర్తుకు వస్తుంది.

మా బంధువులలో ఒకరు టాక్సీ నడిపి జీవిస్తున్నారు. ప్రతి దసరాకూ, ఆయుధ పూజకు ముందు, కారుకు రబ్బింగ్ పాలిష్ పెట్టించేవారు. పండుగనాడు అది అద్దమే. కొన్నేళ్లకు కప్పుమీద తెల్లని మచ్చలు తేలి, పొలుసులు లేవటం ఆరంభించినది. ఎంత తోమినా మెరుపు తిరిగి రాలేదు. కారు అమ్మబోతే ఆ కప్పు చూచి ధర తగ్గించారు. ఆయన చేసిన తప్పు నిర్లక్ష్యం కాదు, మితిమీరిన సంరక్షణ.

కారణం తెలియాలంటే రంగు నిర్మాణం తెలియవలె. నేటి కార్లలో చాలవాటికి ఇనుప రేకుమీద తుప్పు పట్టనివ్వని పూత, దానిపైన ప్రైమరు, ఆపైన రంగు, అన్నిటికి పైన వర్ణం లేని పారదర్శకమైన పొర ఉంటాయి. ఈ పై పొరనే క్లియర్ కోటు అంటారు. ఇది సుమారు 40, 50 మైక్రాన్ల మందం. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. మన తల వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. అనగా, ఎండనుంచి రంగును కాచేది వెంట్రుక మందం కూడ లేని పొర అన్నమాట.

పూర్వపు బండ్లకు ఈ పొర లేదు. 1924 మోడలు ఓక్లాండ్ కార్లకు అమెరికాలో డ్యూకో అనే లాకరు పూసి సంచలనం కలిగించారు. ఆ పేరు మన షెడ్లలో నేటికీ నిలిచినది. అటువంటి రంగును రుద్దితే గుడ్డకు రంగు అంటి, ఇక చాలు అని హెచ్చరించేది. నేటి క్లియర్ కోటు వర్ణహీనం కనుక గుడ్డకు ఏమీ అంటదు. పోయినదెంతో కంటికి తెలియదు.

పాలిష్ గీతను పూడ్చదు. చుట్టూ ఉన్న పొరను గీత అడుగుదాకా దించుతుంది. కనుక ప్రతి పాలిష్ కూడ ఖర్చే. ప్రదర్శనకు నిలిపే కారుకు కోత, సవరణ, తుది మెరుగు అని మూడు దశలు జరుపుతారు. నిత్యం రోడ్డెక్కే బండికి ఒక్క దశ చాలు. ఇందులో ఒకే ద్రవం, ఒకే ప్యాడ్. ద్రవంలోని సన్నని అల్యూమినా రేణువులు సన్న గీతలను తీసివేసి, మెరుపు కూడ తెస్తాయి. ఖర్చయ్యేది సాధారణంగా కొద్ది మైక్రాన్లే. లోతైన గీతలు మిగులుతాయి. వాటిని మిగలనివ్వటమే వివేకం. గోరు తగులుకొనే గీత జోలికి పాలిష్‌తో పోరాదు.

ఇక పద్ధతి. వేసవిలో అయితే తెల్లవారుజామున, నీడలో పని సాగించవలె. చేయి ఆననంత వేడిగా ఉన్న రేకుమీద పాలిష్ వేయరాదు. ముందు బండిని బాగుగా కడిగి ఆరబెట్టవలె. అంటుకొన్న తారును, మొండి మురికిని తీయటానికి బంకమన్ను ముద్దవంటి క్లే బార్ దొరుకుతుంది. తడిమీదనే దానిని మెల్లగా జరపవలె. రబ్బరు అంచులకూ, నల్లని ప్లాస్టిక్ భాగాలకూ టేపు అంటించవలె.

మొదట రెండడుగుల చదరంలో పరీక్షించి చూడండి. ప్యాడ్‌మీద శనగగింజంతటి చుక్కలు నాలుగైదు చాలు. తిరుగుతూనే అటూ ఇటూ కదిలే రకం యంత్రం కొత్తవారికి క్షేమం. ఒకే చోట గిరగిర తిరిగేది రంగును త్వరగా వేడెక్కిస్తుంది. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, నింపాదిగా నాలుగు వరసలు నడిపి, మెత్తని మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి చూడండి. తృప్తిగా ఉంటే మిగిలిన బండికీ అదే కొలత. తలుపుల అంచులవద్ద, మడతలవద్ద పొర పలుచన. అక్కడ యంత్రాన్ని నొక్కి పట్టరాదు.

పాలిష్ మెరుపునిస్తుందే కాని రక్షణ ఇవ్వదు. కనుక చివర వ్యాక్స్ పూత తప్పనిసరి. ఆపైన అసలు పొదుపు నిత్యపు అలవాటులో ఉన్నది. పొడిగుడ్డ మానవలె. ముందు ధారాళంగా నీరు పోసి దుమ్ము జార్చవలె. రెండు బకెట్లు పెట్టుకొని, ఒకదానిలో షాంపూ నీరు, రెండవదానిలో గుడ్డ జాడించే మంచినీరు ఉంచుకొనవలె. బోరు నీటిని బండిమీద ఆరనిస్తే అందులోని సున్నపు లవణాలు మచ్చలై కూర్చుంటాయి. వెంటనే తడి ఒత్తి తీయవలె.

గద్వాల చీరను ఏ ఇల్లాలూ బండకేసి బాదదు. ఒళ్లు నూలు, అంచు పట్టు, పైన జరీ అని తెలిసి, దానికి తగినట్లు ఉతుకుతుంది. కారుకు కూడ కంటికి కనిపించని ఒక అంచు ఉన్నది. ఈ దసరాకు పాలిష్ పెట్టించేముందు, నిరుడు ఎంత అరిగినదో ఒక్కసారి ఆలోచించండి. కడిగితేనే సరిపోయే బండికి కడుగుడే పూజ.