క్లాసు అయ్యాకే అసలు కోచింగ్

హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ నుంచి అశోక్‌నగర్ వైపు నడిస్తే గోడల నిండా గ్రూప్స్ బ్యాచ్‌ల పోస్టర్లే. సందుల్లో హాస్టళ్లు, స్టడీ హాళ్లు, జిరాక్స్ సెంటర్లు. ఆదిలాబాద్ నుంచో పాలమూరు నుంచో వచ్చిన పిల్లలకు తమ ఫీజు, హాస్టల్ అద్దె, మెస్ బిల్లు ఇంటి మీద ఎంత భారమో బాగా తెలుసు. అందుకే క్లాసు మానరు. ముందు వరుసలో చోటు కోసం పొద్దున్నే వచ్చి బ్యాగు పెడతారు. సార్ చెప్పింది చెప్పినట్టు రాసుకుంటారు. నోట్సు కట్టలు కట్టలుగా పెరుగుతుంది, టెస్టులో మార్కులు మాత్రం కదలవు. ఇంత కష్టపడే పిల్లలకే ఇలా జరగడం చూస్తే మనసు చివుక్కుమంటుంది. క్లాసు విన్నాక ఆ విన్నదాన్ని ఏం చేయాలో వాళ్లకు ఎవరూ చెప్పకపోవడమే ఇందుకు పెద్ద కారణమని నా నమ్మకం.

అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఉన్న వాషింగ్టన్ యూనివర్సిటీ పరిశోధకులు హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికి 2006లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. కొందరు విద్యార్థులు ఒకే పాఠాన్ని నాలుగు విడతలు చదివారు. మరికొందరు ఒక్క విడతే చదివి, మిగతా మూడు విడతలూ పాఠం పక్కన పెట్టి గుర్తున్నదంతా కాగితం మీద రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగేసరికి తారుమారైంది. చదివినవాళ్లకు 40 శాతం గుర్తుంటే, రాసినవాళ్లకు 61 శాతం గుర్తుంది. విచిత్రమేమిటంటే, తమకు బాగా గుర్తుంటుందన్న ధీమా ఎక్కువగా ఉన్నది చదివినవాళ్లకే!

కోచింగ్ క్లాసులో కలిగేది సరిగ్గా ఆ ధీమాయే. తెలంగాణ గ్రూప్-2 నాలుగో పేపర్‌నే తీసుకోండి. ఉద్యమ చరిత్రలో ఎనిమిది సూత్రాలు, ఐదు సూత్రాలు, ఆరు సూత్రాలు అంటూ మూడు పథకాలు వస్తాయి. సార్ వరసగా చెబుతుంటే ఎంత తేటగా ఉంటుందో! పది రోజుల తర్వాత బిట్టు అడిగితే ఏది 1969, ఏది 1972, ఏది 1973 అన్నది కలగాపులగం. నోట్సు ఇంకోసారి చదివితే మళ్లీ తేటపడుతుంది, మళ్లీ చెదిరిపోతుంది.

అదే రోజు సాయంత్రం నోట్సు మూసి, తెల్లకాగితం తీసి రాయడం మొదలుపెడితే కథ వేరు. 1969 ఉద్యమం నడుస్తుండగా ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ ఎనిమిది సూత్రాలు ప్రకటించారు. 1972 అక్టోబరులో, తెలంగాణలో ఉద్యోగాలు స్థానికులకే అనే ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. కోస్తా, రాయలసీమ భగ్గుమన్నాయి. దాన్ని చల్లార్చడానికి నవంబరులో ఐదు సూత్రాలు వచ్చాయి. అవీ పనిచేయలేదు. 1973 జనవరిలో ముఖ్యమంత్రి పీవీ రాజీనామా, రాష్ట్రపతి పాలన. సెప్టెంబరులో ఆరు సూత్రాలు, వాటి కొనసాగింపుగా 32వ రాజ్యాంగ సవరణ, 371-డి అధికరణ. రాస్తూ రాస్తూ ఎక్కడో ఆగిపోతారు. తీర్పు ముందా, ఐదు సూత్రాలు ముందా అని తడుముకుంటారు. ఆ తడుముకున్న చోటే మీకు రానిది ఏమిటో బయటపడుతుంది. అప్పుడు నోట్సు తెరిచి చూసుకున్నది మరి చెదరదు. మర్నాడు సార్‌ను అడగాల్సిన డౌటూ అక్కడే దొరుకుతుంది. మూడు గంటల క్లాసుకు సాయంత్రం ఈ ముప్పావుగంట రాత తోడవకపోతే కట్టిన ఫీజులో సగం వృథా అని మొహమాటం లేకుండా చెబుతాను.

టెస్ట్ సిరీస్‌దీ ఇదే దారి. రిజల్టు రాగానే అందరి కళ్లూ ర్యాంకు మీదకే పోతాయి. తెలంగాణ గ్రూప్-2లో పేపరుకు 150 ప్రశ్నలు, నెగెటివ్ మార్కులు లేవు. కాబట్టి తెలియనివీ గుడ్డిగా పెట్టేస్తారు. అసలు పరీక్షలో అలా పెట్టాల్సిందే. ప్రాక్టీసు టెస్టులో మాత్రం ఆ మార్కులు మోసం చేస్తాయి. నాలుగు ఆప్షన్లున్న బిట్లు 40 ఊహించి పెడితే సగటున 10 మార్కులు ఊరికే కలుస్తాయి. అందుకని జవాబు గుర్తించేటప్పుడే ప్రశ్నపత్రం మీద, గట్టిగా తెలిసినదానికి టిక్కు, ఊహించినదానికి ప్రశ్నార్థకం పెట్టండి. కీ చూసుకునేటప్పుడు తప్పులతో పాటు, ప్రశ్నార్థకం ఉండి ఒప్పైనవాటినీ చదవాల్సిన ఖాతాలోనే వేయండి. టిక్కు పెట్టీ తప్పైనవి అన్నిటికంటే ప్రమాదం. వాటికి విడిగా ఓ నోటుబుక్కు ఉండాలి. ప్రతి తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోసే ఏపీపీఎస్సీ గ్రూప్-2 రాసేవాళ్లకైతే ఈ గుర్తులే ఏ బిట్టు వదలాలో నేర్పుతాయి.

కోచింగ్ సెంటర్ ఎంపిక గురించి నాలుగు మాటలు చాలు. డెమో చెప్పిన సారే బ్యాచ్ మొత్తం చెబుతారా? గ్రూప్-1 మెయిన్స్ అయితే మనం రాసిన జవాబులు ఎవరు దిద్దుతారు, ఎన్నాళ్లకు తిరిగిస్తారు? ఈ రెండింటికీ తిన్నని సమాధానం రాకపోతే డబ్బులు కట్టకండి. ఫీజు కట్టలేనివాళ్లకు బీసీ, ఎస్సీ స్టడీ సర్కిళ్లున్నాయి, టీ-శాట్ పాఠాలున్నాయి. సాయంత్రం తెల్లకాగితం అలవాటు ఉంటే అవీ అక్కరకొస్తాయి.

కోర్సు కొన్ని నెలల్లో ముగుస్తుంది, పరీక్ష ఎప్పుడో తెలియదు. 783 పోస్టుల తెలంగాణ గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబరులో వస్తే, వాయిదాల మీద వాయిదాలు పడి 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో పరీక్ష జరిగింది. ఆ రెండేళ్లలో బ్యాచ్‌లు అయిపోయాయి, కొందరు హాస్టల్ ఖాళీ చేసి ఊళ్లకు వెళ్లిపోయారు. వాయిదాల కాలంలో ఇల్లు చేరినవాళ్లకు నా సలహా ఒక్కటే. మెటీరియల్ కొత్తగా కొనకండి. పాత తప్పుల నోటుబుక్కు ముందేసుకుని, హాస్టల్లో కలిసి చదువుకున్న ఇద్దరు ముగ్గురు ఫోన్లో ఒకరినొకరు బిట్లు అడుక్కోండి. వారానికోసారి పూర్తి టెస్టు రాయండి. అదీ విడివిడిగా కాదు, పరీక్ష వేళలకే: పొద్దున 10 నుంచి 12.30 వరకు ఒకటి, మధ్యాహ్నం 3 నుంచి 5.30 వరకు ఇంకొకటి. సంవత్సరాలూ తేదీలూ దండిగా ఉండే ఆ నాలుగో పేపర్ వచ్చేది రెండో రోజు మధ్యాహ్నమే, అప్పటికే మూడు పేపర్లు రాసి అలసిన బుర్రకు.