ఆ చిన్న ఊరికి వెళ్లాలా?

(ధ్యాన భాగం: అపొస్తలుల కార్యములు 15:36 - 16:3)

తాము వాక్యం ప్రకటించిన ప్రతి ఊరికీ మళ్లీ వెళ్లి, అక్కడి సహోదరులు ఎలా ఉన్నారో చూసి వద్దామని పౌలు బర్నబాతో అన్నాడు. ఫిలిప్పీ, కొరింథు, ఎఫెసు వంటి పేరున్న పట్టణాలు ఇంకా ఆయన ముందున్నాయి. అయినా ఆయన మనసు మొదట దెర్బే, లుస్త్ర వంటి చిన్న ఊళ్ల మీదికే పోయింది. లుస్త్రలో ఆయనకు సన్మానమేమీ జరగలేదు. రాళ్లతో కొట్టి, చనిపోయాడనుకొని ఊరి బయటకు ఈడ్చేశారు. అటువంటి ఊరికి మళ్లీ వెళ్లినప్పుడు ఆయనకు దొరికినవాడు తిమోతి. వెళ్లకపోతే తిమోతి లేడు.

యానాంలోని మా సంఘంలో ఈ మధ్య ఇటువంటి ప్రశ్నే వచ్చింది. ఏటా విశ్వాసులంతా కలిసి చేసే ప్రయాణం ఈసారి ఎక్కడికి? యౌవనస్థులు అరకు అన్నారు, పాపికొండల లాంచీ అన్నారు. స్త్రీల సమాజం నుంచి ఒక సహోదరి మాత్రం, "దుమ్ముగూడెం వెళ్దామండీ" అన్నారు. "అక్కడ చూడ్డానికి ఏముందమ్మా?" అని వెంటనే ప్రశ్న.

నిజమే. దుమ్ముగూడెం భద్రాచలానికి ఎగువన, గోదావరి గట్టున ఉన్న చిన్న ఊరు. చుట్టూ గుట్టలు, అడవి, కోయ పల్లెలు. అయితే ఆ ఊరికి ఒక సాక్ష్యం ఉంది.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ తరువాత కాటన్ దొర మరో పెద్ద ఆలోచన చేశారు. మధ్య భారతదేశపు పత్తిని పడవల మీద గోదావరి గుండా సముద్రం దాకా తేవాలన్నది ఆ ఆలోచన. రాళ్లు అడ్డుపడే చోట్ల ఆనకట్టలు, పడవల కాలువలు కట్టాలి. వాటిలో ఒకటి దుమ్ముగూడెం. ఆ పనులు చూసిన ఇంజినీరు హేగ్ దొర భక్తిపరుడు. కోయలకు సువార్త చెప్పేవారు లేరని ఆయన భారపడ్డారు. 1860ల మొదట్లో చర్చి మిషనరీ సొసైటీ పేరున అక్కడ పని ఆరంభమైంది. తొలి సువార్తికుడు విదేశీయుడు కాదు. ప్రభుత్వ కొలువులో ఉన్న మన తెలుగువాడు, వెంకటరామరాజు. కొలువు విడిచిపెట్టి అడవిలో నిలిచారు. తరువాత జాన్ కెయిన్ దొర అనేక సంవత్సరాలు అక్కడే గడిపారు. లూకా సువార్త కోయ భాషలోకి వచ్చింది.

పడవల పథకం ఏమైంది? ఖర్చు పెరిగిపోయి 1871లో ప్రభుత్వం దాన్ని మానేసింది. పత్తి పడవలు రాలేదు. వాక్యం మాత్రం నిలిచింది. మనుషులు పెద్దదనుకున్నది ఆగిపోయింది. ఎవరూ లెక్కలో వేయనిది ఫలించింది.

ఆ ఊరికీ మనకూ ఏమిటి సంబంధం అంటారా? ఒకే నది నీళ్లు. వానాకాలం వస్తే యానాంలో ప్రతి ఇంట్లో "భద్రాచలం దగ్గర ఎన్ని అడుగులు?" అని అడుగుతాం. నలభై మూడు మొదటి హెచ్చరిక, నలభై ఎనిమిది రెండోది, యాభై మూడు మూడోది. చిన్నపిల్లలకు కూడా వచ్చిన లెక్క ఇది. 2022 జూలైలో అక్కడ నీటిమట్టం 71 అడుగులు దాటింది. ఆ నీరే దిగువకు వచ్చి మన వీధులను ముంచింది. మన గుమ్మం ఎక్కకముందు ఆ నీరు వారి గుమ్మాలు ఎక్కింది. ఎన్ని అడుగులో మనకు తెలుసు. ఆ గట్టు మీద ప్రభువును ఆరాధించేవారి ముఖాలు మాత్రం తెలియవు.

ఒక పెద్దాయన మంచి మాటే అడిగారు: "ఆ బస్సు కిరాయి కానుకగా పంపితే సరిపోదా?" పంపవలసిందే, కాదనలేం. అయితే, సిరా కాగితాలతో సరిపెట్టక ముఖాముఖిగా మాట్లాడాలని యోహాను కోరుకున్నాడు (2 యోహాను 12). పౌలు అన్న "చూసి వద్దాం" అనే మాటకు గ్రీకులో వాడిన పదమే మరి రెండు చోట్ల కనిపిస్తుంది. దేవుడు తన ప్రజలను దర్శించాడని జెకర్యా స్తుతించిన చోట ఒకటి (లూకా 1:68). రోగిగా ఉన్న తనను చూడవచ్చారని ప్రభువు చెప్పిన చోట ఇంకొకటి (మత్తయి 25:36). దేవుడు పరలోకం నుంచి కానుక పంపి ఊరుకోలేదు. తానే వచ్చాడు. అదీ బేత్లెహేమనే చిన్న ఊరికి.

ఇటలీ వెళ్లినవారు రోము, వెనిసు చూసి వస్తారు. అదే దేశంలో ఆల్ప్స్ లోయల్లో తొర్రె పెల్లిచె అనే చిన్న ఊరుంది. వాల్డెన్సీయుల సంఘానికి అది కేంద్రం. 1655లో ఊచకోత, తరువాత దేశ బహిష్కరణ, 1689లో కాలినడకన తిరుగు ప్రయాణం, 1848 ఫిబ్రవరి 17న పౌర హక్కులు. నేటికీ ఆ లోయల్లో ఏటా ఆ రోజు ముందటి రాత్రి మంటలు వెలిగిస్తారు. అక్కడికి వెళ్లేవారు మేడలు చూడ్డానికి వెళ్లరు. నిలిచిన విశ్వాసాన్ని చూడ్డానికి వెళతారు. మనకు ఆ సాక్ష్యం ఇంటి నది ఎగువనే ఉంది.

చివరికి వెళ్లాలనే తీర్మానించాం. అయితే కొన్ని నియమాలు పెట్టుకున్నాం. ముందుగా అక్కడి కాపరికి ఉత్తరం రాసి, వారు రమ్మన్న ఆదివారమే వెళ్లాలి. పదిహేను మందికి మించకూడదు. బియ్యం, పప్పు, వంటసరుకులు మనవే ఉండాలి. దుప్పట్లు పంచుతూ ఫోటోలు తీసుకోకూడదు. ఆరాధనలో వెనుక వరుసలో కూర్చోవాలి. వాక్యం వారి కాపరి చెబితే వినాలి. రోమా విశ్వాసులను తాను బలపరచడమే కాదు, వారి విశ్వాసం వల్ల తానూ ఆదరణ పొందాలని పౌలు ఆశించాడు (రోమా 1:11, 12). ఇచ్చే చేతులతోనే కాదు, పుచ్చుకునే చేతులతోనూ వెళ్లాలి. వచ్చేటప్పుడు వారిని యానాం రమ్మని పిలవాలి. వారి గట్టున పారే నది సముద్రాన్ని చేరే చోటు వారూ చూడాలి.

ప్రియులారా, నజరేతులోనుంచి మంచిది ఏదైనా రాగలదా అని నతనయేలు అడిగితే ఫిలిప్పు వాదించలేదు. వచ్చి చూడమన్నాడు. మీ సంఘానికి ఎగువనో దిగువనో అటువంటి చిన్న ఊరు ఒకటి ఉంటుంది. అక్కడ కొద్దిమంది ఆరాధిస్తూ ఉంటారు. ఈ ఏడాది ఒక ఆదివారం వారి కోసం కేటాయించండి. ఇద్దరు ముగ్గురు కూడిన చోట ఉంటానన్న ప్రభువు మీకంటే ముందే అక్కడ ఉంటాడు. ఆమేన్.