మూలుగ పరీక్షకు తుంటి ఎముకే ఎందుకు?

రక్త పరీక్షలో కణాలు తగ్గాయని తెలుస్తుంది. ఎందుకు తగ్గాయో ఒక్కోసారి తెలియదు. రక్తకణాలు తయారయ్యేది ఎముకల లోపలి మూలుగలో కాబట్టి, డాక్టర్లు అక్కడే వెతుకుతారు.

పసిపిల్లల్లో దాదాపు అన్ని ఎముకల్లోనూ రక్తకణాలు తయారుచేసే ఎర్ర మూలుగ ఉంటుంది. పెద్దయ్యేకొద్దీ కాళ్లూ చేతుల పొడవాటి ఎముకల్లో చాలావరకు కొవ్వు చేరుతుంది. తుంటి, వెన్నుపూస, పక్కటెముక, రొమ్ము ఎముకల్లో ఎర్రది మిగులుతుంది. రొమ్ము ఎముక పలచన, వెనకే గుండె! అందుకే పెద్దలకు ఎక్కువగా తుంటి ఎముక వెనక అంచునే ఎంచుకుంటారు.

చర్మానికీ ఎముక పైపొరకూ మత్తిచ్చి, గట్టి సూదిని లోపలికి దించి, సిరంజితో కొద్దిగా మూలుగ లాగుతారు. ఆ క్షణంలో జివ్వుమని నొప్పి పుడుతుంది, ఎందుకంటే మత్తు ఎముక లోపలికి అందదు. ఈ మాట రోగికి ముందే చెప్పి తీరాలి.

ద్రవాన్ని వెంటనే గాజుపలక మీద పరుస్తారు. అందులో నూకల్లాంటి రేణువులు కనిపిస్తే మూలుగ దొరికినట్టే. రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే, లుకేమియాలో ఎదగని కణాలు గుంపులుగా ఉంటాయి. బి12 లోపంలో ఎర్రకణాలుగా మారాల్సిన కణాలు మామూలుకన్నా పెద్దవిగా కనిపిస్తాయి.

కొన్ని జబ్బుల్లో మూలుగ నారలా గట్టిపడి, ద్రవమే రాదు. అప్పుడు సన్నని ఎముక ముక్క తీసి బయాప్సీ చేస్తారు.